నెమలికంఠపు రంగు

వస్తువుకు రంగు రెండు విధాలుగా సిద్ధిస్తుంది. వర్ణద్రవ్యం వల్ల కలిగేది మొదటిది. పసుపు, కుంకుమ, నీలిమందు ఇట్టివి. ఏ వైపు నుండి చూచినా వీటి రంగు మారదు. వస్తువు యొక్క సూక్ష్మనిర్మాణం వల్ల కలిగేది రెండవది. నెమలి కంఠం, సబ్బు బుడగ, ముత్యపు చిప్ప లోపలి భాగం ఇందుకు ఉదాహరణలు. చూచే కోణం మారిన కొలదీ వీటి రంగు మారుతుంది. నెమలి ఈకలో నీలి వర్ణద్రవ్యం లేనే లేదు. ఈకలోని అతిసూక్ష్మమైన అమరికపై పడిన కాంతి తరంగాలలో కొన్ని పరస్పరం బలపడతాయి, కొన్ని రద్దవుతాయి. బలపడినవే మన కంటికి నీలిమగా తోస్తాయి. దీనిని కాంతి వ్యతికరణం అంటారు.

తెలుగువారు ఈ మారే రంగును వస్త్రంలోనూ సాధించారు. ధర్మవరం నేతగాడు పడుగుకు ఒక రంగు, పేకకు మరొక రంగు పట్టుపోగులను వాడి చీరను నేస్తాడు. కట్టుకొన్నవారు కదిలినప్పుడు ఒక మడతలో నీలం, ఒక మడతలో ఆకుపచ్చ మెరుస్తాయి. ఆ రంగునే నెమలికంఠం అంటారు. అయితే ఇక్కడ మార్పుకు కారణం వ్యతికరణం కాదు. రెండు వర్ణద్రవ్యాల పోగులు ఒకదానినొకటి దాటి పోవడమే. ఫలం ఒకటే అయినా మార్గాలు వేరు.

నెమలి ఈక పద్ధతిని ఆధునిక రసాయన పరిశ్రమ అనుకరించింది. అభ్రకపు రేకులపై టైటానియం డయాక్సైడ్ వంటి పదార్థాన్ని పలుచని పొరగా పూసి, ఆ రేకులను రంగులో కలుపుతారు. పొర మందాన్ని బట్టి, చూచే కోణాన్ని బట్టి రంగు మారుతుంది. 1996లో ఫోర్డ్ సంస్థ మస్టాంగ్ కోబ్రా కార్లలో కొన్నింటికి ఇట్టి రంగు వేసింది. 2016లో వెలువడిన ఐదువందల రూపాయల నోటును వంచి చూస్తే అందులోని భద్రతా దారం ఆకుపచ్చ నుండి నీలానికి మారడం ఎవరైనా గమనింపవచ్చు. నేడు ఈ రంగు స్ప్రే డబ్బాలలోనూ లభిస్తున్నది. వెలిసిన ఎలక్ట్రిక్ గిటారుకు ఇంటివద్దనే కొత్త రంగు వేసుకొనే యువకులకు ఇది ప్రీతిపాత్రమైంది. గిటారుకు కారు రంగు వేయడం కొత్త కాదు. 1950, 60 దశకాలలో అమెరికాలోని ఫెండర్ సంస్థ కార్లకు వాడే రంగులనే తన గిటార్లకు వాడింది.

వాద్యానికి రంగు వేయడానికి ముందు దాని నాదం ఎక్కడ పుడుతున్నదో తెలియాలి. బాల్యంలో విశాఖపట్నంలో చదివిన సర్ సి.వి. రామన్ 1921లో వీణ, తంబురాల తంతి కంపనాలను గూర్చి పరిశోధనాపత్రం ప్రకటించాడు. 1934 ప్రాంతంలో పక్షి ఈకల రంగులను, చిప్పల మెరుపును పరిశీలించాడు. నాదమూ, మారే రంగూ ఒకే శాస్త్రజ్ఞుని దృష్టిని ఆకర్షించడం విశేషం. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో పనసకర్రతో మలచే వీణలో తీగ కంపనం గుర్రం ద్వారా పైపలకకు చేరుతుంది. ఆ పలక కంపించడం వల్లనే నాదం వినిపిస్తుంది. దానిపై దట్టమైన పూత వేస్తే కంపనం మందగిస్తుంది. కనుక వీణపై ఈ ప్రయోగం తగదు. గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటారులో తీగ కంపనాన్ని అయస్కాంతపు పికప్‌లు విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. అందువల్ల పూత ప్రభావం స్వల్పం. అయినా పురాతనమైన, విలువైన గిటారుకు రంగు మార్చరాదు. అసలు పూత పోయిన వాద్యానికి విలువ బాగా తగ్గుతుంది. ఒకసారి గీకిన పూత మరల రాదు.

మొదట తీగలు, మెడ, పికప్‌లు, మరలు విప్పి, ఏది ఎక్కడిదో గుర్తు వేసి భద్రపరచాలి. తీగెల టంకం తీయడానికి ముందు వాటి అమరికను బొమ్మ గీసుకోవాలి. పాత పూత గట్టిగా ఉంటే చెక్క కనిపించేవరకు గీకనవసరం లేదు. సన్నని ఉప్పుకాగితంతో మెరుపు పోయేవరకు రుద్దితే చాలు. సొట్టలను లప్పంతో పూడ్చాలి. మెడ అమరే గుంటలో రంగు పడకుండా టేపు అంటించాలి. అక్కడ పూత పేరుకొంటే మెడ సరిగా కూర్చోదు.

తరువాత ఋతువును చూడాలి. అనంతపురం జిల్లా కంబదూరు ప్రాంతం వర్షచ్ఛాయలోని పీఠభూమి. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అంతటి వేడిలో రంగు తుంపరలు చెక్కను చేరకముందే ఆరి, పూత గరుకు తేలుతుంది. జూన్ నుండి ఆగస్టు వరకు వీచే నైరుతి గాలి ఎర్రమట్టి దుమ్మును తెచ్చి తడిపూతపై చల్లుతుంది. వానపట్టు నాడు తేమ చేరి పూత తెల్లబారుతుంది. శీతకాలంలో మంచు విడిన తరువాత, గాలి లేవకముందు ఉండే సమయమే అనువైనది. నేలపై నీళ్లు చల్లితే దుమ్ము అణగుతుంది. స్ప్రే డబ్బాలను ఎండలో ఉంచితే పేలే ప్రమాదం ఉంది.

ప్రైమర్ ఆరిన పిమ్మట నల్లరంగు పూయాలి. రేకుల గుండా దూరిన కాంతిని నలుపు పీల్చుకొంటుంది. అందువల్ల ప్రతిఫలించిన రంగు మాత్రమే స్ఫుటంగా కనిపిస్తుంది. తెల్లని పునాదిపై ఆ రంగు వెలవెలబోతుంది. మారే రంగును జానెడుకు మించిన దూరం నుండి, చేతిని ఒకే వేగంతో కదుపుతూ, పలుచని పొరలుగా వేయాలి. దట్టంగా వేస్తే రంగు కారుతుంది. చివర పారదర్శకమైన పూత వేసి, కొన్ని వారాలు గట్టిపడనిచ్చి మెరుగు పెట్టాలి. ఒక సంస్థ రంగుపై మరొక జాతి పూత వేస్తే ముడతలు పడవచ్చు కాబట్టి ముందుగా చెక్కముక్కపై పరీక్షించాలి.

ఈ పనిలో అన్నిటికన్న విలువైనది చేసేవాని శ్వాస. రంగు ఆవిరులు విషపూరితాలు, దహనశీలాలు. మూసిన గదిలో, పొయ్యి దగ్గర, పిల్లలున్న చోట ఈ పని కూడదు. ముఖానికి కట్టిన చేతిగుడ్డ దుమ్మును కొంత ఆపుతుందే కాని ఆవిరిని ఆపదు. అందుకు తగిన వడపోత ఉన్న మాస్కు అవసరం. గట్టిపరచే ద్రవం కలిపే రెండు భాగాల పూతలలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసాన్ని కలిగించగలవు. అట్టి పూతను ఇంట వాడక, తగిన సౌకర్యాలున్న కార్ల రంగు షెడ్డుకు అప్పగించడమే వివేకం.

మెరిసే పూత లోపాన్ని కప్పదు. మరింత స్పష్టంగా చూపుతుంది. కనుక రంగు అందం రంగు వేసిన గంటలో కాక, అంతకుముందు ఉప్పుకాగితంతో రుద్దిన దినాలలోనే నిర్ణయమవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు
సిద్ధించు : కలుగు, లభించు
పడుగు : నేతలో నిలువు పోగు
పేక : నేతలో అడ్డపు పోగు
అభ్రకం : పొరలు పొరలుగా విడివడే ఖనిజం, కాకిబంగారం
స్ఫుటంగా : స్పష్టంగా
దహనశీలం : మండే స్వభావం కలది

ప్రశ్నలు
1. నెమలి ఈకకు, ధర్మవరం చీరకు రంగు మారే కారణాలలో గల భేదాన్ని వివరించండి.
2. గిటారుకు తగిన పూత వీణకు ఎందుకు తగదు?
3. కంబదూరు ప్రాంతంలో రంగు వేయడానికి ఏ కాలం అనుకూలం? కారణాలు తెలపండి.
4. మారే రంగుకు నల్లని పునాది ఎందుకు అవసరం?