ఆస్పత్రిలో ఆట కూడ ఒక విద్యయే

ఆస్పత్రిలో చేరిన పసిబిడ్డను తరచు రోగముకంటె భయమే అధికముగ బాధించును. ఆ భయము చికిత్సకు సైతము అడ్డగును. దానిని పోగొట్టు పద్ధతులను అమెరికాలో నేడు విశ్వవిద్యాలయములందు బోధించుచున్నారు.

వియన్నాలో జన్మించిన ఉపాధ్యాయిని ఎమ్మా ప్లాంక్ 1955లో క్లీవ్‌లాండ్ నగరమందలి యొక ఆస్పత్రిలో ఆటను, చదువును పిల్లల చికిత్సతో జోడించిరి. ఈ శాస్త్రమునకు బాటవేసినవారిలో ఆమె యొకరు.

ఈ వృత్తిని గోరువారు పట్టము పొందవలెను. బిడ్డల యెదుగుదల, కుటుంబము, రోగము, మరణదుఃఖము, ఆట అనువానిని గూర్చి చదువవలెను. పిదప ఆస్పత్రిలో కనీసము 600 గంటలు శిక్షణ పొంది, పరీక్షయందు నెగ్గవలెను. వారు ముందుగా బొమ్మకు సూది వేసి చూపుదురు, బిడ్డచేతను వేయింతురు. నొప్పి కలుగునన్న సంగతిని దాచరు. వినోద చికిత్స దీనికి సోదరవిద్య. అది ఆటపాటల ద్వారా అన్ని వయసుల రోగులకు, వికలాంగులకు శక్తిని చేకూర్చును.

ఇందు మన గ్రామములకును పాఠము గలదు. “అల్లరి చేసిన సూది వేయింతు”నని పిల్లలను బెదరింపరాదు. టీకాలనాడు బిడ్డను తల్లి యొడిలోనే యుంచి, నిజము చెప్పి, ఆటబొమ్మ నందింపవలెను. పంచాయతీ సభ్యులు ఈ మాటను ఇంటింటికి చేర్చవలెనని కోరుచున్నాము. దీనికి నిధులతో పనిలేదు.