కుందేళ్లకు గుళికల మేత

అంగడిలో కుందేటి మేత కొనువారు తఱచుగా రంగురంగుల గింజలు కలిపిన సంచినే యెన్నుకొందురు. అది చూపునకు ఇంపేగాని కడుపునకు హితము కాదు. కుందేలు గింజలను ఏఱి తిని, పీచుగల గుళికలను విడిచిపెట్టును. గుళికలన్నియు ఒకే తీరుననున్నచో ఏఱుటకు వీలుండదు.

సంచిమీది పట్టికలో మొదట పీచెంతయో చూడవలెను. నూటికి 18 పాళ్లకు తగ్గనిదానిని మేము మేలైనదందుము. పీచు చాలనియెడల ప్రేవుల కదలిక మందగించును. మేత మాని ఒక పూట గడచినచో ఆలసింపక పశువైద్యునికి చూపవలెను.

మాంసకృత్తుల విషయమున వయస్సునుబట్టి భేదము గలదు. ఎదుగు పిల్లలకు అవి నూటికి 16 పాళ్లుండి, లూసర్నుతో చేసిన గుళికలు తగును. ఏడవ నెల మొదలు గడ్డితో చేసినవానికి మార్పవలెను. ఏలయన, లూసర్నులో కాల్షియము మెండు. కుందేటి యొడలిలో మిగిలిన కాల్షియము మూత్రముతో పోవునదిగావున, మూత్రాశయమున మడ్డిగను రాళ్లుగను పేరుకొనవచ్చును. ఈ మార్పు పది దినములలో కొంచెము కొంచెముగా జరుగవలెను.

చౌకయని కోళ్లమేత పెట్టువారును గలరు! అందు కలుపు కొన్ని మందులు కోళ్లకు మేలు, కుందేళ్లకు విషము.

పెద్ద కుందేటికి కిలో బరువునకు దినమునకు 25 గ్రాముల గుళికలు చాలును. ఎడతెగక పెరుగు దంతములను అరగదీయునది ఎండుగడ్డియే. గుళికలు దానికి తోడేగాని బదులు కావు. తొట్టి ఖాళీయైనదని పిల్లలు జాలిపడి మరల నింపుదురు. గడ్డి నిండుగ నున్నంతవఱకు నింపనక్కఱలేదు.