అనాతోతు పొలము

వేదపాఠము: యిర్మీయా 32:1–27, 29:1–14
తోడు వచనములు: ఎజ్రా 2:23, రోమా 8:18–25, 1 పేతురు 1:3–5



రాబోవు దినములు ఎట్లుండును అను ప్రశ్నను మేము సంఘములను దర్శించునప్పుడు తరచుగా వినుచున్నాము. అడుగువారు వాదము కొరకు అడుగుట లేదు. కౌలుచేను ఈ యేడు కూడ చేయవలెనా, అప్పు చేసియైనను పిల్లను చదివింపవలెనా, కువైటులో నున్న తల్లిని తిరిగి రమ్మనవలెనా అని తేల్చుకొనుటకే అడుగుచున్నారు. కావున ఈ నెల పాఠమునకు ఒక పొలము బేరమును తీసికొందము.

1. బేరము జరిగిన కాలము

అది సిద్కియా యేలుబడిలో పదియవ సంవత్సరము. బబులోను రాజు సైన్యము యెరూషలేమును ముట్టడించి యున్నది. పట్టణము పడిపోవునని చెప్పినందుకు యిర్మీయా రాజు నగరులోనే ఖైదుచేయబడి యున్నాడు. అట్టి సమయమున అతని పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలమును కొనుమని కోరెను. బంధువు భూమి పరుల పాలు కాకుండ విడిపించు హక్కు మోషే ధర్మశాస్త్రములో నున్నది (లేవీ 25:25).

లోకరీతిగా చూచినచో ఇంతకంటె నష్టపు బేరము లేదు. అనాతోతు యెరూషలేమునకు మూడు మైళ్ల లోపుననే యున్నది. శత్రుసైన్యము దేశమంతట నిండియుండగా ఆ పొలమును ఎవరు దున్నగలరు? కొనువాడు చెరలో నున్నాడు. అయినను యిర్మీయా పదియేడు తులముల వెండిని త్రాసులో తూచి యిచ్చెను. దస్తావేజు వ్రాయించి, చేవ్రాలు చేసి, ముద్ర వేసి, సాక్షులను పెట్టెను. ఆ పత్రములను బారూకు చేతికిచ్చి, బహుదినములు చెడకుండ మట్టికుండలో దాచుమనెను. ఆ దేశములో ఇండ్లును పొలములును ద్రాక్షతోటలును మరల కొనబడునని దేవుడు సెలవిచ్చియుండెను.

ఇక్కడ మొదటి సంగతి కనబడుచున్నది. నిరీక్షణ మనస్సులో పుట్టు ఉల్లాసము మాత్రమే కాదు. అది సాక్షుల యెదుట చేసిన క్రియ. కరవు యేట ఆకలి వేసినను విత్తనపు వడ్లను వండుకొనక దాచు గృహిణి యిట్టి క్రియనే చేయుచున్నది.

2. ప్రార్థన తరువాత వచ్చెను

16వ వచనము మొదలుకొని జాగ్రత్తగా చదువుడి. పత్రము బారూకు చేతికిచ్చిన తరువాతనే యిర్మీయా ప్రార్థన చేసెను. ఆ ప్రార్థనలో కలవరమున్నది. పట్టణము శత్రువుల చేతికి పోవుచుండగా, ప్రభువా, నన్ను పొలము కొనుమంటివే అని అతడు దేవుని యెదుట తన మనస్సు విప్పుచున్నాడు. దేవుడు అతనిని గద్దింపలేదు. తనకు అసాధ్యమైనది ఏదైనను కలదా అని తిరిగి అడిగెను (27 వ.). సందేహములన్నియు తీరిన తరువాత విధేయుడగుదునని కూర్చున్నవాడు ఎన్నటికిని లేవడు. యిర్మీయా ముందు విధేయుడయ్యెను. కన్నీటితో పిమ్మట అడిగెను.

3. రెండు విధములైన నిరీక్షణ

ఇందుకు కొన్ని యేండ్లకు ముందు హనన్యా అను ప్రవక్త దేవాలయములో నిలిచి, రెండేండ్లలో బబులోను కాడి విరిగిపోవునని చెప్పెను (28వ అధ్యాయము). జనులకు అది తియ్యగా నుండెను. యిర్మీయా సహితము అట్లే జరుగును గాక అనెను, అతనికి తన జనులపై ప్రేమ యుండెను గనుక. అయినను అది దేవుని మాట కాదు. యిర్మీయా చెరలో నున్నవారికి వ్రాసిన ఉత్తరములో డెబ్బది యేండ్లు అని యున్నది. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, పిల్లలను పెంచుడి, మీరున్న పట్టణపు క్షేమము కోరి ప్రార్థించుడి అని అతడు బోధించెను.

నేడును హనన్యాలు ఉన్నారు. ఫలానా నెలలో అప్పు తీరునని, ఇంత కానుక పంపినచో వీసా వచ్చునని ఫోనులలో ప్రవచనములు వచ్చుచున్నవి. ప్రియులారా, గడువు పెట్టి సొమ్ము అడుగు నిరీక్షణను నమ్మకుడి. దేవుని నిరీక్షణ కష్టమును దాచిపెట్టదు. కష్టమునకు ఆవలి గట్టును చూపును.

4. మన సీమలో

కోనసీమవారమైన మనకు ఈ పాఠము క్రొత్తది కాదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను తూర్పు గోదావరి తీరమున వెయ్యిమందికి పైగా ప్రాణములు తీసెను. తరతరముల కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేలకూలెను. మన దేశవాళీ కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడు యేండ్లు పట్టును; కాపునకు వచ్చిన చెట్టు అరువది యేండ్లకు పైగా నిలుచును. పడిన చెట్ల మధ్య గోతులు త్రవ్వి మొక్కలు పెట్టిన వృద్ధులలో అనేకులు ఆ కాయలు తినలేదు. వారి మనుమలు తినుచున్నారు. ఇది అనాతోతు పొలము కాదా?

అటుపిమ్మట 2006లోను, 2022లోను గోదావరి పొంగి లంక గ్రామములను ముంచెను. 2014 జూన్ 27న నగరము గ్రామమున గ్యాసు గొట్టము ప్రేలి, నిద్రలో నున్నవారిని కాల్చివేసెను. 2011లో పెట్టుబడి గిట్టక మన రైతులు సార్వా మాని పంట విరామము ప్రకటించిరి. గిట్టుబాటు ధర కోరుట న్యాయమే. అయితే నాట్లు లేని యేడు కూలి యింటిలో పొయ్యి వెలుగుట కష్టమని సంఘము మరువరాదు. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురములో ఇండ్లు తగులబెట్టబడెను. కాలిన గోడ కట్టుట సుళువు. పొరుగువారి నడుమ పోయిన నమ్మకము కట్టుట కష్టము. పట్టణపు క్షేమము కోరుమన్న యిర్మీయా మాట ఇక్కడ మనకు ఆజ్ఞయే.

కావున సంఘములు చేయదగిన పనులు కొన్ని చెప్పెదము. గల్ఫు దేశములలో పాచిపని చేయుచున్న మన సహోదరీలకు యిర్మీయావలె ఉత్తరము పంపుడి. సొమ్ము అడుగుటకు కాక, వారి క్షేమము అడుగుటకు. వారి బిడ్డలను పెంచుచున్న అవ్వలకు ఆదివారమున మాత్రమే కాక వారమంతయు తోడుండుడి. వానకాలమునకు ముందు మురుగుకాలువ పూడిక తీయుటకు కులము చూడక పొరుగువారితో కలిసి దిగుడి. మందిరపు ఆవరణలో ప్రతి కుటుంబము పేర ఒక మొక్క నాటుడి.

5. కుండలోని పత్రము

యిర్మీయా ఆ పొలములో పంట కోసినట్లు వ్రాయబడలేదు. అతనిని బలవంతముగా ఐగుప్తునకు తీసికొనిపోయిరి (43వ అధ్యాయము). అయితే ఎజ్రా 2:23 చూడుడి. చెరనుండి తిరిగి వచ్చినవారి జాబితాలో అనాతోతువారు 128 మంది అని యున్నది. పేర్లు లేవు, లెక్క మాత్రమే యున్నది. దేవుడు చెప్పిన మాట నెరవేరెననుటకు ఆ లెక్క చాలును.

మనకు అంతకంటె గొప్ప పత్రము కలదు. క్రీస్తు మృతులలోనుండి లేచుటవలన చెడిపోని స్వాస్థ్యము మనకు భద్రపరచబడి యున్నదని పేతురు చెప్పుచున్నాడు. ఆ సమాధికి ముద్ర వేసినవారును కావలివారును ఉండిరి; అయినను అది తెరువబడెను. ఆయన లేచెను గనుక మనము నాటిన మొక్కయు, చదివించిన బిడ్డయు, క్షమించిన పొరుగువాడును వ్యర్థము కావు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. ఫలితము మనము చూడకపోయినను ఈ యేడు మన యింట చేయదగిన విత్తుపని ఏది?
2. హనన్యా మాటకును యిర్మీయా మాటకును భేదము ఎట్లు గుర్తించెదము?
3. దూరదేశములో నున్న మనవారిలో ఎవరికి ఈ వారము ఉత్తరము వ్రాసెదము?

ప్రార్థన: ప్రభువా, గాలికిని వరదకును అప్పునకును భయపడు మాకు అనాతోతు పొలము కొన్నవాని ధైర్యము నిమ్ము. మేము చూడని పంట కొరకు నేడు నాటు కృప దయచేయుము. యేసు నామమున, ఆమేన్.