పాత కంప్యూటరుకు కొత్త పవర్ సప్లై

కార్యాలయాలు కొన్నేళ్లు వాడి తీసివేసిన కంప్యూటర్లను శుభ్రపరచి, చెడిన భాగాలను మార్చి, మరల అమ్మే వ్యాపారం నేడు నగరాలన్నింటిలోనూ సాగుతోంది. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటర్ల కొనుగోలుకు ఎంతో కాలంగా పేరు పొందింది. కొత్త యంత్రం కొనే స్తోమత లేని విద్యార్థికి ఇటువంటి కంప్యూటరు గొప్ప ఆసరా. అయితే అది ఒకనాడు బటన్ నొక్కినా లేవదు. లేదా ఫ్యాను క్షణకాలం తిరిగి ఆగిపోతుంది. మదర్‌బోర్డు పోయిందని ఎవరో తేల్చివేస్తారు. పాత నమూనా బోర్డు దొరకడం కష్టం కనుక యంత్రమంతా పాతసామాను కొట్టుకు చేరుతుంది. నిజానికి అనేక సందర్భాలలో చెడినది పవర్ సప్లై మాత్రమే.

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. కంప్యూటరు భాగాలకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. పవర్ సప్లై మొదట ఇంటి విద్యుత్తును సుమారు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి, దానిని సెకనుకు వేల పర్యాయాలు తెంచి కలుపుతూ, చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపి తగ్గిస్తుంది. అందువలననే అది అంత తేలికగా ఉంటుంది. 1977లో వచ్చిన ఆపిల్ 2 కంప్యూటరులో ఈ పద్ధతినే వాడారు. డెస్క్‌టాప్‌లలో విస్తరించిన ఏటీఎక్స్ ప్రమాణాన్ని ఇంటెల్ సంస్థ 1995లో ప్రవేశపెట్టింది.

ఈ పెట్టెలోని కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది. వేడికి, దుమ్ముకు, ఏళ్ల వాడకానికి అది క్రమంగా ఇంకిపోతుంది. కెపాసిటరు తల ఉబ్బుతుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా వీటిలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. కనుక ఆ ఇనుప పెట్టెను విప్పరాదు. మొత్తంగా మార్చడమే మార్గం.

మార్చే ముందు దోషాన్ని నిర్ధారించుకోవాలి. గోడ సాకెట్టును, తీగను ముందుగా పరీక్షించాలి. సాధారణ ఏటీఎక్స్ యంత్రంలో, ఆపివేసి ఉన్నప్పటికీ ఊదారంగు తీగలో 5 వోల్టులు కనిపించాలి. బోర్డు నుండి వేరుచేసిన 24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపితే ఫ్యాను తిరగాలి. తిరిగినంత మాత్రాన సప్లై మంచిదని అనుకోరాదు. పనిభారం మీద 12 వోల్టుల తీగ 11.4కు దిగువకు జారితే అది చెడినట్లే. బాగున్న మరొక సప్లైని తగిలించి చూడటం అన్నింటికంటె నమ్మదగిన పరీక్ష.

అసలు చిక్కు సరిపోయే సప్లైని ఎంచుకోవడంలోనే ఉంది. కార్యాలయ యంత్రాలు చాలా వాటిలో పెట్టె ఆకారం, పిన్నుల సంఖ్య తయారీదారు సొంతం. బజారులో దొరికే సాధారణ సప్లై వాటిలో పట్టదు. 1990ల చివర కొన్ని యంత్రాలలో కనెక్టరు చూడటానికి మామూలుదే అయినా తీగల వరుస వేరుగా ఉండేది. అందులో సాధారణ సప్లైని తగిలిస్తే బోర్డు మాడిపోయేది. అందుచేత పాత పెట్టె మీది పార్ట్ నంబరును చూసి, అదే నంబరుది కొనడం క్షేమం. పెట్టె మీద 450 వాట్లని పెద్ద అక్షరాలతో అచ్చువేసి అమ్మేవారికి కొదవలేదు! 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లు ఉన్నవో చూడాలి. 18 ఆంపియర్లయితే ఆ వరుస ఇవ్వగలిగేది 216 వాట్లే.

మార్పిడి పెద్ద పనికాదు. ప్లగ్గు తీసి, బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి ఉంచి, లోహపు చట్రాన్ని తాకి పని మొదలుపెట్టాలి. తీగల అమరికను ముందే ఫొటో తీసుకోవాలి. కనెక్టరు కొక్కేన్ని నొక్కి లాగాలే గాని తీగలను పట్టి లాగరాదు. వెనుక ఉన్న స్క్రూలు విప్పితే పెట్టె బయటికి వస్తుంది. కొత్తది బిగించాక చాలామంది ప్రాసెసరు పక్కనుండే 4 పిన్నుల కనెక్టరును మరచిపోతారు. అప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం వెలగదు. కొత్త సప్లై కూడా చెడిందేమోనని కంగారు పడతారు.

యంత్రం లేచిన తరువాత తేదీ, సమయం ఎప్పటివో చూపవచ్చు. అది సప్లై దోషం కాదు. బోర్డు మీది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. మూత బిగించక ముందే దానిని కూడా మార్చడం మంచిది.