వర్తక లేఖ – ఈ-మెయిలు

సరుకును గూర్చి నలుగురికి తెలుపుటకు మన పల్లెలలో దండోరా ఉండెడిది. పశువుల సంతలో తువ్వాలు చాటున వేళ్ళు పట్టుకొని ధర తెలుపు బేరమును ఉండెడిది. మొదటిది అందరి చెవులకు, రెండవది ఒక్కని చేతికి. నేటి వాణిజ్య ఈ-మెయిలు దండోరా వలె వేలమందికి ఒకేసారి పోవును. చదువువాడు మాత్రము దానిని తనకే వ్రాసిన జాబుగా ఎంచి తెరచును. చిక్కంతయు ఇచ్చటనే కలదు.

1978 మే 3న అమెరికాలోని డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గేరీ థర్క్ తమ కంప్యూటర్ల ప్రకటనను ఆర్పానెట్ ద్వారా దాదాపు 400 మందికి పంపెను. అమ్మకములు జరిగినవని ఆయన చెప్పుకొనెను. మందలింపులును తప్పలేదు.

మన గుంటూరు మిరప ఎగుమతిదారునే ఉదాహరణగా గ్రహింతము. విదేశమందలి కొనుగోలుదారునికి ఆతడు 'మేలైన మిర్చి, చౌక ధర, త్వరపడుడు' అని శీర్షిక పెట్టినచో ఆ లేఖను తెరచువారు అరుదు. 'తేజ, తొడిమ తీసినది, ఒక కంటైనరు, చెన్నై రేవు ధర' అని పెట్టినచో చూపు నిలుచును. ఏలయన, కొనువారందరు ఒక్కటే కోరరు. తేజ ఘాటునకు ప్రసిద్ధము. రంగు కోరువారు కర్ణాటకలోని బ్యాడగి వైపు చూతురు. ఘాటును స్కోవిల్ ప్రమాణముతోను, రంగును ఆస్టా ప్రమాణముతోను కొలుతురు. ఐరోపా కూటమి ఎండుమిర్చిలో అఫ్లటాక్సిను మొత్తము కిలోకు 10 మైక్రోగ్రాములు, అందు బి1 రకము 5 మైక్రోగ్రాములు మించరాదని విధించినది. కనుక ఆ దేశములకు వ్రాయునపుడు పరీక్షాపత్రమును జతపరచితిమన్న ఒక్క వాక్యము పది విశేషణముల పెట్టు. తెలుగు బోధించు మాకు విశేషణములపై ద్వేషము లేదు. వాటి చోటు వేరు.

ఉర్దూ లేఖలలో అల్‌ఖాబ్, ఆదాబ్ అనియు, తెలుగు జాబులలో 'ఉభయకుశలోపరి' అనియు మర్యాదలు కలవు. సెల్‌ఫోనులో చదువు వర్తకునికి మాత్రము మొదటి రెండు పంక్తులలోనే విషయము అందవలెను. అట్లని మర్యాదను విడువుమనుట కాదు. పేరును తప్పులేక వ్రాయుట మర్యాద. నిరుడు ఆతడు కొన్న రకమును గుర్తుంచుకొని వ్రాయుట అంతకు మించిన మర్యాద.

అడుగని వారికి పంపుట అన్నిటికంటె చేటు. 2024 ఫిబ్రవరి నుండి జీమెయిలు, రోజుకు 5,000కు పైగా లేఖలు పంపువారు 'ఇక వద్దు' అనుటకు ఒక్క నొక్కుతో వీలు కల్పింపవలెనని నిర్బంధించినది. వేయింటికి ముగ్గురు ఫిర్యాదు చేసినను ప్రమాదమే. తరువాతి లేఖలు చెత్తబుట్ట పాలగును. చిరునామాల జాబితాలను డబ్బిచ్చి కొనువారు ఈ లెక్క చూచుకొనవలెను. 'ఎందరు తెరచిరి' అను లెక్కయు నమ్మదగినది కాదు. 2021 నుండి ఆపిల్ మెయిలు, చదువరి తెరువకున్నను లేఖలోని బొమ్మలను ముందే తెప్పించుకొనుచున్నది. నమూనా పంపుమని ఎందరు బదులు వ్రాసిరో అదియే అసలు లెక్క.

మన విద్యార్థులు పలువురు రేపు శీతల గిడ్డంగుల కచేరీలలోను, ఎగుమతి సంస్థలలోను ఇట్టి లేఖలు వ్రాయబోవువారు. లేఖలో చెప్పిన రకమొకటి, పంపినది వేరొకటి అయినచో మరుసటి ఏడు బదులు రాదు. ఆ నష్టము కొంత కల్లములో కాయ ఆరబోసిన రైతు మీదకును వచ్చును. ధర విషయమున మరింత జాగ్రత్త వలయును. యార్డులో ధర నేడున్నట్లు రేపుండదు. కనుక ధర ప్రక్కనే అది ఏ తేదీ వరకు చెల్లునో, తేమ ఎంత శాతమో, సరుకు ఎన్ని రోజులలో ఓడకెక్కునో వ్రాసి, ప్రశ్నలకు బదులు చెప్పు మనిషి పేరును, ఫోను సంఖ్యను క్రింద ఉంచవలెను.