మనోవ్యాధికి మందు కలదు

మనోవ్యాధికి మందు లేదను సామెత మన పల్లెలలో చిరకాలముగా వినబడుచున్నది. పశువునకు గాలికుంటు వచ్చినను, పైరునకు తెగులు తగిలినను తక్షణమే మందు వెదకెడి రైతు, తన మనస్సునకు బెంగ పట్టినపుడు మాత్రము ఈ సామెతను తలచుకొని యూరకుండును. ఇట్లూరకుండుటచేత కుటుంబములు చితికిపోవుచున్నవి. ఆందోళనవ్యాధి విషయమున నీ సామెత సరికాదని గత నూరేండ్ల పరిశోధనలవలన స్పష్టమైనది. ఆ వ్యాధికి మాటలచేతను, క్రమాభ్యాసముచేతను జరుగు చికిత్స యొకటి కలదు. అది యెట్టిది, ఎట్లు పనిచేయును, మనకెక్కడ లభించును అను మూడు విషయములను సంఘసభ్యులకు ఈ పాఠమున తెలుపదలచితిమి.

భయ మెప్పుడు వ్యాధి యగును?

భయమంతయు వ్యాధి కాదు. మబ్బు పట్టినపుడు కల్లములోని ధాన్యమును గూర్చి భయపడుట సహజము. ఆ భయమే మనచేత రాశిపై బరకము కప్పించును. అప్పు వాయిదా దగ్గరపడినపుడు చింత కలుగుట సహజము. ఆ చింతయే మనచేత సొమ్ము సమకూర్పించును. కాని అపాయము లేని చోట్ల గూడ భయము వదలక, నెలల తరబడి నిద్రకును, భోజనమునకును, సేద్యపు పనికిని అడ్డు తగులుచున్నచో దానిని వ్యాధిగా నెంచవలయును.

గుండెదడ, ఊపిరి చాలనట్లు తోచుట, చెమటలు పట్టుట, చేతులు వణకుట, కడుపులో త్రిప్పుట, మెడయు భుజములును బిగిసికొనుట, చిన్న మాటకు కోపము వచ్చుట, తెల్లవారులు ఒకే తలపు వెంటాడుట, ఇవి దీని లక్షణములు. గుండెజబ్బు, థైరాయిడు దోషము, రక్తహీనత మున్నగు వానియందును ఇట్టివి కొన్ని కనబడును గనుక మొదట వైద్యునిచేత దేహపరీక్ష చేయించుకొనుట యవసరము. దేహమున దోషము లేదని తేలిన పిదప, "నీకేమియు లేదు, పొమ్ము" అనుట మాత్రము న్యాయము కాదు. బాధ నిజమైనదే, దాని మూలము వేరు.

వ్యాధి పెరుగు విధము

ఒక రైతు ప్రత్తి నమ్ముకొనుటకై మార్కెటు యార్డునకు వెళ్ళినాడనుకొందము. జనసమ్మర్దములో నతనికి హఠాత్తుగా గుండెదడ పట్టినది. ప్రాణము పోవునేమోనని తోచినది. అతడు సరకు విడిచి ఇంటికి పరుగెత్తినాడు. ఇల్లు చేరగానే దడ తగ్గినది. మరుమారు కుమారుని పంపినాడు, మనస్సు నెమ్మదించినది. తరువాత బస్సెక్కుట మానినాడు, పెండ్లిండ్లకు పోవుట మానినాడు. ఏడాది గడచునప్పటికి వీధి చివరి అంగడికి పోవుటకును అతనికి ధైర్యము చాలలేదు.

ఇక్కడ జరిగినదేమి? వాయిదా నాడు సొమ్ము చెల్లింపక, వడ్డీని అసలులో కలిపి నోటు తిరుగవ్రాసిన ఋణస్థుని స్థితియే ఇది. ఆ పూటకు ఉపశమనము కలుగును; బాకీ మాత్రము పెరుగును. తప్పించుకొన్న ప్రతిసారియు భయమునకు వడ్డీ చేరుచుండును. ఏలయన, యార్డులో మరికొంత సేపు నిలిచియుండినచో దడ తనంతట తానే తగ్గునని తెలిసికొను నవకాశము ఆ దేహమునకు లభింపలేదు. పారిపోవుటచేతనే బ్రతికితినని అది తప్పుగా నేర్చుకొన్నది.

చికిత్స యెట్లు పుట్టినది?

నేర్చుకొన్న భయమును మాన్పవచ్చునని మొదట చూపినవారిలో అమెరికా దేశపు విదుషి మేరీ కవర్ జోన్సు ఒకరు. పీటరు అను మూడేండ్ల బాలునకు కుందేలనిన మిక్కిలి భయము. బొచ్చుకోటు, దూది, ఈకలు చూచినను భయపడెడివాడు. వాడు ఇష్టమైన తిండి తినుచుండగా కుందేలును బోనులో నుంచి గదిలో దూరముగా పెట్టిరి. దినక్రమమున దానిని కొంచెము కొంచెముగా దగ్గరకు తెచ్చిరి. తుదకు కుందేలు తన వ్రేళ్లను కొఱుకుచున్నను బాలుడు భయపడక ఊరకుండెను. ఈ సంగతి 1924లో ప్రకటితమైనది. దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పే ఈ క్రమమును పెద్దల భయములకు శాస్త్రీయముగా నన్వయించి 1958లో గ్రంథము ప్రకటించెను. 1960 ప్రాంతముల ఫిలడెల్ఫియా నగరమున ఆరన్ బెక్ అను వైద్యుడు, మనస్సున తటాలున మెదలు తలపులను వెలికిదీసి, సాక్ష్యముతో పరీక్షించు పద్ధతిని నెలకొల్పెను. నేడు ఆందోళనవ్యాధికి జరుగు మాటల చికిత్సలో ఈ రెండు మార్గములును కలిసియున్నవి.

మన రైతు ఇట్టి చికిత్సకుని కడకు వారమునకొకమారు, సుమారొక గంటసేపు, కొన్ని వారములు వెళ్ళును. చికిత్సకుడు ఓదార్చి పంపడు, నీతులును బోధింపడు. దడ ఎప్పుడు వచ్చినది, అప్పుడేమి తలచితివి, ఏమి చేసితివి అని ప్రశ్నించి వ్రాయించును. "గుండె ఆగిపోవును" అను తలపునకు సాక్ష్యమేమి, విరుద్ధ సాక్ష్యమేమి అని ఇరువురును కలిసి లెక్క చూతురు. "ఇరువది మారులు దడ వచ్చినది; ఒక్కమారైన గుండె ఆగలేదు" అని రైతే గుర్తించును. తరువాత మెట్లు నిర్ణయింతురు. మొదటి వారము అంగడివరకు నడచుట. పిదప కుమారునితో యార్డు ద్వారమువరకు. పిదప రద్దీ లేని వేళ లోనికి. తుదకు వేలము జరుగు వేళ ఒంటరిగా. ప్రతి మెట్టునందును దడ తగ్గువరకు నిలువవలయును, మధ్యలో పారిపోరాదు. రెండు చికిత్సాదినముల నడుమ ఇంటివద్ద చేయు ఈ సాధనయే అసలు మందు. నారుమడి చూచివచ్చినంత మాత్రమున పొలము నాటు పడదు గదా!

అప్పు మాటలతో తీరునా?

"మా చింత కుందేలును గూర్చినది కాదు. వానలు లేవు, అప్పు కలదు. మాటలతో అవి తీరునా?" అని సభ్యులడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. మాటలతో అప్పు తీరదు. కాని తెల్లవారులు అప్పును గూర్చి తలపోయుటయు, అప్పు తీర్చు నుపాయము నాలోచించుటయు ఒకటి కావు. మొదటిది గానుగెద్దు నడక. ఎంత తిరిగినను ఉన్నచోటనే యుండును. దానిని రెండవదానిగా మార్చుటకు వేరొక మాటల చికిత్స కలదు. దానికి తార్కాణమొకటి ఆఫ్రికాలోని జింబాబ్వే దేశమున కనబడుచున్నది.

అచ్చటి షోనా భాషలో ఈ బాధను "కుఫుంగిసిసా" అందురు. మితిమీరి తలపోయుట అని దాని యర్థము. ఆ దేశమున మనోవైద్యులు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే. డిక్సన్ చిబాండా అను మనోవైద్యుడు, బస్సు ఛార్జీ లేక తన కడకు రాలేకపోయిన రోగిణి యొకతె ప్రాణము తీసికొనుట చూచి, వైద్యమే ప్రజల యొద్దకు పోవలెనని తలచెను. 2006లో హరారే నగరపు ఎంబారే పేటలో 14 మంది అవ్వలకు శిక్షణ యిచ్చి, ఆరోగ్యకేంద్రపు ఆవరణలో చెట్టునీడ బల్లలు వేయించెను. దానికి మైత్రీపీఠమని పేరు. అవ్వ మొదట కష్టములన్నిటిని చెప్పనిచ్చును. పిదప వానిలో ఒక్కదానిని ఎన్నుకొమ్మనును. దానికి గల ఉపాయములను వచ్చినవారిచేతనే చెప్పించి, ఈ వారము చేయదగిన చిన్న పని యొకటి నిశ్చయింపజేయును. మరుసటి వారము దాని ఫలితము విచారించును. ఇట్టి సమావేశములు ఆరు.

ఈ పద్ధతిని 24 ఆరోగ్యకేంద్రములలో 573 మందిపై పరీక్షించి ఫలితమును 2016లో ప్రకటించిరి. ఆరు నెలల పిదప, సాధారణ వైద్యము పొందినవారిలో కృంగుబాటు లక్షణములు నూటికి సుమారు 50 మందికి మిగిలియుండగా, బల్లవద్ద కూర్చున్నవారిలో నూటికి సుమారు 14 మందికే మిగిలినవి. ఆందోళనయు తగ్గినది. వారి పేదరికము తీరలేదు. పేదరికముతో పెనగులాడు శక్తి వారికి తిరిగి వచ్చినది.

మనము చేయవలసినది

ఈ చికిత్స అందరకు నొకే తీరున ఫలింపదు. కొందరకు మందులును కావలయును. అవి మనోవైద్యుడు వ్రాసియిచ్చినవే వాడవలయును. నిద్రకై అంగడిలో మాత్రలు కొని మ్రింగుటయు, సారాయి త్రాగుటయు ఒక రాత్రి మరపించి, అలవాటై, ఆందోళనను హెచ్చించును.

మన దేశమున 2022 అక్టోబరు 10న టెలిమానస్ అను ప్రభుత్వ సేవ ప్రారంభమైనది. 14416 అను సంఖ్యకు ఏ ఊరినుండియైన ఫోను చేసి, రేయింబవళ్లు, ఉచితముగా, తెలుగుననే మాటలాడవచ్చును. ప్రభుత్వ వైద్యకళాశాలల ఆసుపత్రులలోని మనోవైద్యశాఖలకును పోవచ్చును. రోగి వివరములు గోప్యముగా నుంచవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము విధించుచున్నది గనుక ఊరివారికి తెలియునను సంకోచము వలదు.

ఇంటివారి కర్తవ్యమును కలదు. "ధైర్యముగా నుండుము" అని పలుమారు చెప్పుటవలన ధైర్యము రాదు. అట్లని అతని పనులన్నియు మీరే చేసిపెట్టినచో భయమునకు వడ్డీ చేరును. మొదటి మెట్టుకు తోడుపోవుడు. రెండవ మెట్టుకు కొంచెము వెనుక నిలువుడు. ఎవరైనను చావును గూర్చి మాటలాడినచో, అప్పగింతలు పెట్టినట్లు ప్రవర్తించినచో, దానిని బెదిరింపుగా త్రోసిపుచ్చక ముఖాముఖి అడుగుడు. వారిని ఒంటరిగా విడువక, పురుగుమందులను తాళములో నుంచి, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపొండు.

ఒంటరిగా మోయరాని బరువును పదిమందిమి కలిసి మోయుటకే మన సంఘములు వెలసినవి. సంఘపు అరుగుమీద ధరవరలను గూర్చి మాటలాడుకొనునట్లే, "రాత్రి నిద్ర పట్టుచున్నదా?" అని కూడ ఒకరి నొకరు అడుగుకొందుముగాక. ఆ ప్రశ్నకు నిజమైన సమాధానము చెప్పిన సభ్యునకు 14416 అను సంఖ్యను వ్రాసియిచ్చి, అతడు ఫోను చేయునంతవరకు ప్రక్కన కూర్చుండుట ప్రతి సభ్యుడును చేయగల సహకారము.