తాళం చెవి ఇచ్చేముందే అడుగు

హైదరాబాద్

బుజ్జీ,

మియాపూర్ ఫ్లాటుకు టులెట్ పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పుణెలో, ఇల్లు ఇక్కడ. కిరాయి వస్తే ఈఎంఐలో సగమైనా తేలికవుతుందని నీ లెక్క. లెక్క బాగానే ఉంది. కానీ మొదటిసారి ఓనరు అవుతున్నావు కాబట్టి ఒక్క సంగతి గట్టిగా పట్టుకో. ఓనరు బలమంతా తాళం చెవి ఇచ్చేదాకానే. మనిషి లోపల దిగాక, తనంతట తాను కదలకపోతే కోర్టుకే పోవాలి. అక్కడ ఏళ్లు పడుతుంది. అందుకే అడగాల్సినవన్నీ ముందే అడుగు, రాయాల్సినవన్నీ ముందే రాయించు. ఈ రెండింటి దగ్గరా మొహమాటపడకు.

ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టగానే వచ్చే ఫోన్లలో ఒక రకం ఉంటుంది. ఆర్మీలో చేస్తున్నాననో, సీఐఎస్‌ఎఫ్ అనో చెప్తాడు. హైదరాబాద్‌కు బదిలీ అయింది, ఫొటోలు చూస్తేనే ఇల్లు నచ్చేసింది, అడ్వాన్సు ఇప్పుడే వేస్తానంటాడు. ఐడీ కార్డు ఫొటో కూడా పంపుతాడు. ఆ వెనకే ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టావంటే పోయేది నీ డబ్బే. ఇల్లు చూడకుండా అడ్వాన్సు ఇస్తానన్న వాడితో మాట అక్కడే ఆపేయి.

ఇక నిజంగా ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లు. మన ఓనర్లలో చాలామంది మొదట అడిగే ప్రశ్న "మీరేమిట్లు?" అని. ఆ తర్వాత నాన్‌వెజ్ వండుతారా, పెళ్లయిందా అంటారు. నువ్వు మాత్రం ఆ దారిన పోకు. అది మర్యాద కాదు సరికదా, పనికొచ్చే సమాచారం కూడా కాదు. కులం సంగతి తెలిసినంత మాత్రాన ఐదో తారీఖుకు కిరాయి పడుతుందా? నువ్వు తెలుసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఆ మనిషి ఎవరు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, పాత ఇల్లు ఎలా ఖాళీ చేశాడు, లోపల ఎంతమంది ఉంటారు.

ఆధార్ జిరాక్సు తీసుకుని ఫైల్లో పెట్టేసి అయిపోయిందనుకోకు. ఆధార్ మీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ సంస్థ వాళ్ల యాప్‌తో స్కాన్ చేస్తే, కార్డు అసలుదో కాదో తెలుస్తుంది. చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే కాదనకు, అది వాళ్ల హక్కు. ఉద్యోగి అయితే మూడు నెలల పేస్లిప్పులు, వ్యాపారమైతే బ్యాంకు స్టేట్‌మెంటు చూడు. చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటి కిరాయికే పోతోందంటే, ఆ ఇంట్లో ఏ చిన్న ఖర్చు వచ్చినా ముందు ఆగేది నీ కిరాయే.

పాత ఓనరుకు తప్పకుండా ఫోన్ చెయ్యి. కాకపోతే ఇప్పుడుంటున్న ఇంటి ఓనరు మాట ఒక్కదాని మీదే ఆధారపడకు. పీడ వదిలితే చాలనుకునే ఓనరు ఎవరినైనా పొగుడుతాడు. అంతకుముందు ఇంటి ఓనరు నంబరు అడుగు. ఆయనకు దాచాల్సిన పనేమీ ఉండదు. కిరాయి ఏ తారీఖుకు వేసేవారు, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత కోశారు, ఎందుకు కోశారు అని అడిగితే మనిషి సంగతి సగం తెలిసిపోతుంది. కుర్రాళ్లు నలుగురు కలిసి వస్తే వద్దనకు. నలుగురి పేర్లూ, నలుగురి సంతకాలూ అగ్రిమెంటులో ఉండాలి. వివరాలు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో కూడా ఇవ్వు.

ఈ వడపోత చుట్టాలకూ, చుట్టాల చుట్టాలకూ వర్తిస్తుంది. "మనవాళ్లే కదా, కాగితాలెందుకు" అన్న చోటే గొడవలు ఎక్కువ.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారో తెలుసుకో. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలంలో ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించి తీరాలని ఉంది. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోవచ్చనుకుని ఒక నెల తగ్గించి రాస్తారు. కానీ మన రాష్ట్రంలో ఆ చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఏడాది లోపు లీజుకైనా రిజిస్ట్రేషన్ కావాలి. నోటరీ ముద్ర పడితే రిజిస్టర్ అయినట్టు కాదు. 11 నెలలకు రాసినా, రెండు మూడేళ్లకు ఒకేసారి రాసినా సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాల్సిందే. 11 నెలలు కాగానే కొత్తది రాయించుకో, పాతదాని మీద నెట్టుకురాకు.

అందులో ఏం రాయించావన్నది అన్నిటికన్నా ముఖ్యం. నువ్వు రాయకపోతే ఆ ఖాళీని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నింపుతుంది. ఉదాహరణకు, సబ్-లెట్ చేయకూడదని రాయకపోతే, కిరాయిదారు ఇంకొకరికి ఇచ్చుకోవచ్చనే ఆ చట్టం చెబుతుంది. నోటీసు గడువు రాయకపోతే నెలనెలా కిరాయికి 15 రోజుల నోటీసు చాలు. అంటే వాళ్లు కూడా 15 రోజుల్లో లేచిపోవచ్చు. ఇరువైపులా ఒక నెలో రెండు నెలలో రాసుకోండి. కిరాయి తారీఖు, మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి, ఏటా ఎంత పెంచుతావు, పెయింటింగుకు ఎంత కోస్తావు, ఉండడానికే తప్ప ఆఫీసుకో హాస్టల్‌కో వాడకూడదని, ఇవన్నీ ఒక్కొక్క వాక్యంలో తెలుగులోనో ఇంగ్లిషులోనో స్పష్టంగా ఉండాలి.

అడ్వాన్సు హైదరాబాద్‌లో మామూలుగా రెండు మూడు నెలల కిరాయి. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం, నివాసముండే ఇళ్లకు అది రెండు నెలల కిరాయి మించొద్దంది. ఆ చట్టం నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. అయినా రెండు నెలలు న్యాయమైన లెక్క. పాత 1960 కిరాయి నియంత్రణ చట్టం గురించి కూడా ఎవరో ఒకరు భయపెడతారు. కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయిలకు అది వర్తించదు. నీ ఇల్లు సివిల్ కోర్టు పరిధిలోకే వస్తుంది.

ఇంకో భయం, పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందని. కిరాయిదారుగా దిగినవాడు, ఉన్నంతకాలం ఓనరు హక్కును కాదనలేడు. అది సాక్ష్య చట్టంలోనే ఉంది. వాడు కిరాయిదారుగా దిగాడని చూపించే కాగితం నీ దగ్గరుండాలి, అంతే. అందుకే కిరాయి ఎప్పుడూ బ్యాంకు ఖాతాకే వేయించుకో. ఏడాదికి లక్ష దాటితే వాళ్ల ఆఫీసు హెచ్ఆర్‌ఏ కోసం నీ పాన్ నంబరు అడుగుతుంది. కిరాయి రిటర్నులో చూపించు. మున్సిపల్ పన్ను పోగా మిగిలిన దాంట్లో 30 శాతం ఎలాగూ మినహాయిస్తారు.

తాళం ఇచ్చే రోజు ఇల్లంతా వీడియో తీయి. ఫ్యాన్లు, గీజర్, కప్‌బోర్డులు, కుళాయిలు జాబితా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి పెట్టుకో. సర్వీసు నంబరు నీ పేరు మీదే ఉంటుంది కాబట్టి బాకీ పడ్డ బిల్లు నీ ఇంటిమీదకే వస్తుంది.

ఆ తర్వాత పద్ధతి మారాలి. చెప్పకుండా ఇంటికి వెళ్లకు, ఎవరినీ పంపకు. పైపు కారుతోందంటే ఆ వారంలోనే బాగుచేయించు. కిరాయి ఆగినా కరెంటు తీయించడం, తాళం మార్చడం లాంటివి చేయకు. చట్టం దారిన కాకుండా బయటికి పంపితే, ఇల్లు ఎవరిదైనా సరే, వాళ్లు ఆరు నెలల్లోపు కోర్టుకు వెళ్లి తిరిగి లోపలికి రావచ్చు. అప్పుడు తప్పు నీ వైపు చేరుతుంది. ఒక నెల ఆగితే ఫోన్ చెయ్యి, రెండో నెలకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వు, మూడో నెల దాకా జాలిపడుతూ కూర్చోకు. ఖాళీ చేసేనాడు జాబితా చూసుకుని, కోయాల్సింది లెక్క చెప్పి కోసి, మిగతా అడ్వాన్సు అదే రోజు ఇచ్చేయి.

అగ్రిమెంటు రాయించాక సంతకాలకు ముందు నాకు ఒక కాపీ పంపు. ఎవరైనా "రేపే దిగుతాం, కాగితాలు తర్వాత చూసుకుందాం" అంటే, వాళ్లు ఎంత మంచివాళ్లలా కనబడినా సరే, ఒప్పుకోకు.

ఇట్లు,
మీ మామయ్య